ఇంగ్లీషులో 'ఒరేయ్' ఎక్కడుంది?

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం ఇది. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ చప్పుడుతో పోటీ పడటం నా వల్ల కాదు, ఎవరైనా ఒక నంబరు తగ్గించండి. ఆ, థాంక్యూ తమ్ముడూ.

ఇందాక లోపలికి వస్తూ గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాడిని, ఈ పక్కనే ఉన్నాడు, పేరు చెప్పను, "వాట్సప్?" అని పలకరించాను. ఫోన్లో ఉండే వాట్సాప్ కాదు, మాట. అతను చాలా మర్యాదగా చేతులు కట్టుకొని "ఐ యామ్ ఫైన్, థాంక్యూ సర్" అన్నాడు. (నవ్వులు) నవ్వకండి. నేను కూడా పదిహేనేళ్ళు అదే జవాబు చెప్పాను. స్కూల్లో మనకు రెండో ఎక్కంలాగా వల్లె వేయించారు కదా. హౌ ఆర్ యూ అంటే ఐ యామ్ ఫైన్. ఇంగ్లీషులో ఎవరేం పలకరించినా నోట్లోంచి అదే వస్తుంది.

కానీ ఒకసారి ఆలోచించండి. మీ దోస్తు చాయ్ బండి దగ్గర కనిపించి "ఏం సంగతి రా?" అన్నాడు. మీరు "నేను క్షేమంగా ఉన్నాను, ధన్యవాదాలు" అంటారా? అంటే వాడు మీ నుదురు పట్టి చూస్తాడు, జ్వరమేమోనని. "ఏం లేదు రా, నువ్వు చెప్పు" అంటారు. వాట్సప్‌కు కూడా అంతే. "నథింగ్ మచ్" అంటే చాలు. ఇది ఏ పుస్తకంలోనూ లేదా అంటే ఉంది. కానీ మన పదో తరగతి పుస్తకంలో లేదు. అక్కడ లేనిది మన నోట్లోకి ఎలా వస్తుంది?

నాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, సర్కారు బడి. ఇంగ్లీషు గ్రామర్‌లో మాత్రం నేను తోపు. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి, డైరెక్ట్‌ను ఇన్‌డైరెక్ట్‌లోకి నిద్రలో లేపి అడిగినా మార్చేవాణ్ణి. డిగ్రీ అయ్యాక 2006లో మాదాపూర్ వైపు ఒక కాల్ సెంటర్లో ఉద్యోగం దొరికింది. రాత్రి షిఫ్టు, క్యాబ్ పికప్, పొద్దున్నే ఎర్రటి కళ్ళతో రూముకి. మీ అన్నలో మామయ్యలో కొందరికి తెలిసే ఉంటుంది ఆ జీవితం.

ట్రైనింగ్ అయి ఫ్లోర్ మీదికి వచ్చిన మొదటి వారం. ఒక అమెరికా కుర్రాడు ఫోన్లో ఉన్నాడు. ఇంటర్నెట్ రావట్లేదని గొడవ. నేను పద్ధతిగా ఒక్కొక్క స్టెప్పు చెప్తున్నాను. మధ్యలో "ఐ గాటా బెయిల్, మ్యాన్" అని ఫోన్ పెట్టేశాడు. బెయిల్! నాకు తెలిసిన బెయిల్ ఒక్కటే, కోర్టు బెయిల్. పాపం, పిల్లవాడికి ఏదో కేసు ఉంది, అంత కష్టంలో ఇంటర్నెట్ కోసం ఫోన్ చేశాడు అనుకున్నాను. ప్రతి కాల్‌కూ నోట్స్ రాయాలి. నేను రాసిన నోట్స్ ఇది: "కస్టమర్ లీగల్ సమస్యలో ఉన్నాడు, బెయిల్ పని మీద వెళ్ళాడు, ఇప్పట్లో కాల్ బ్యాక్ చేయవద్దు." (నవ్వులు)

మా టీమ్ లీడర్ పిలిచాడు. "ఏం రాసినవ్ రా ఇది?" అన్నాడు. బెయిల్ అంటే అక్కడి కుర్రాళ్ళ మాటల్లో 'నేను చెక్కేస్తున్నా' అని. అంతే. ఎవరూ జైల్లో లేరు. వాడు బహుశా స్నేహితులతో బయటికి వెళ్ళి ఉంటాడు.

ఆ టీమ్ లీడర్ నన్ను తిట్టలేదు. మర్నాడు వాళ్ళ పాప కోసం కొన్న కార్టూన్ సినిమా డీవీడీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. "న్యూస్ చూసి ఇంగ్లీషు నేర్చుకోకు, ఇది చూడు" అన్నాడు. నాకు చిన్నతనం అనిపించింది, నిజం చెప్తున్నా. ఇరవై రెండేళ్ళవాణ్ణి, కార్టూన్ చూడమంటాడేంటి అని. వారం తర్వాత రూములో ముగ్గురం కూర్చొని చూశాం. ఆ ఒక్క సినిమానే ఆ నెలలో పదిసార్లు చూసి ఉంటాం.

అది 'టాయ్ స్టోరీ'. 1995లో వచ్చింది. మొత్తం కంప్యూటర్ మీదే తయారైన మొట్టమొదటి పూర్తి నిడివి సినిమా అది. మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో రెండు బొమ్మలు. ఒకటి కౌబాయ్ బొమ్మ, వుడీ. ఇంకొకటి అంతరిక్ష వీరుడి బొమ్మ, బజ్. వుడీ ఇంట్లో మనిషిలా మాట్లాడతాడు. విసుక్కుంటాడు, బతిమాలతాడు, వెటకారం చేస్తాడు. బజ్ ఉన్నాడే, వాడు ఏం మాట్లాడినా హెడ్డాఫీసుకు రిపోర్టు పంపుతున్నట్టే ఉంటుంది. నేను ఆ బజ్‌ని చూసి ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే వాడు నాలాగే మాట్లాడుతున్నాడు! పుస్తకం ఇంగ్లీషు. తప్పు ఒక్కటి ఉండదు, ఎదుటివాడికి మాత్రం నవ్వొస్తుంది. చుట్టూ ఉన్న బొమ్మలన్నీ వుడీ ఇంగ్లీషు మాట్లాడుతుంటే మన బడి మనకు బజ్ ఇంగ్లీషు నేర్పి పంపింది.

సరే, కార్టూన్ సినిమానే ఎందుకు? మామూలు హాలీవుడ్ సినిమా చూస్తే రాదా? వస్తుంది, కానీ కష్టం. దానికి ఒక కారణం చెప్తాను, ఇది హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు తొందరగా అర్థమవుతుంది. కృష్ణానగర్‌లో ఎవరినడిగినా చెప్తారు, మన సినిమాలకు మామూలుగా ముందు షూటింగు, తర్వాత డబ్బింగు. ముందు బొమ్మ, తర్వాత గొంతు. యానిమేషన్‌లో తిరగేసి ఉంటుంది. ముందు గొంతు, తర్వాత బొమ్మ. నటుడు స్టూడియోలో గాజు గదిలో నిలబడి, మైకు ముందు మాటలన్నీ చెప్పేస్తాడు. ట్రాఫిక్ ఉండదు, గాలి ఉండదు, పక్కన ఎవడూ దగ్గడు. ఆ గొంతు విని, దానికి సరిపోయేలా బొమ్మ మొహాన్ని, పెదవులను కదిలిస్తారు. అంటే తెర మీద కనిపించే ఆ నోరు ఆ మాట కోసమే గీసిన నోరు.

మా పక్కింటి అబ్బాయి ఇక్కడే ఒక యానిమేషన్ స్టూడియోలో పని చేస్తాడు. మన ఊరికి ఆ పని కొత్తేం కాదు. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోనే, రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థలో. 2008 నుంచి టీవీలో వస్తోంది. ఆ అబ్బాయి ఒకరోజు నాకు నోటి ఆకారాల చార్టు చూపించాడు. వాళ్ళ భాషలో లిప్ సింక్ చార్టు. ఇంగ్లీషు మొత్తానికీ పట్టుమని పది పన్నెండు నోళ్ళు చాలు. ప, బ, మ మూడింటికీ ఒకే బొమ్మ, పెదవులు మూసి. అది చూడగానే నాకు పెద్దబాలశిక్ష గుర్తొచ్చింది. ప ఫ బ భ మ, ఓష్ఠ్యాలు! మనవాళ్ళు ఎప్పుడో చెప్పిన లెక్కే ఇప్పుడు కంప్యూటర్లో ఫోల్డరై కూర్చుంది.

ఇందులో మనకు పనికొచ్చే ఒక కిటుకు ఉంది. తెలుగులో 'వ' ఒక్కటే. ఇంగ్లీషులో రెండు. బనియన్‌ను వెస్ట్ అంటారు, పడమరను వెస్ట్ అంటారు. మన లిపిలో రాస్తే రెండూ ఒకటే, చూశారా! కానీ బనియన్ అనేటప్పుడు పైపళ్ళు కింది పెదవికి తగలాలి. పడమర అనేటప్పుడు పెదవులు ఈల వేసినట్టు గుండ్రంగా రావాలి. మా ట్రైనర్ దీన్ని ఎంటీఐ అనేవాడు, అంటే మాతృభాష ఛాయ. ఆయన మూడు వారాలు చెప్పినా నాకు ఎక్కలేదు. కార్టూన్‌లో ఒక చేప పళ్ళు పెదవికి ఆనించి మాట్లాడుతుంటే అరగంటలో ఎక్కింది. పెద్ద నోరు కదా దానిది. (నవ్వులు)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఇంగ్లీషువాళ్ళకు నువ్వు, మీరు అనే తేడా లేదు, అందరికీ 'యూ' ఒక్కటే, ఎంత సుఖమో అని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళకూ ఒకప్పుడు రెండూ ఉండేవి. షేక్‌స్పియర్ నాటకాల్లో కనిపిస్తుంది, 'దౌ' అని. అది మన నువ్వు. 'యూ' అనేది మన మీరు. కాలం గడిచి మామూలు మాటల్లోంచి దౌ పోయింది, యూ మిగిలింది. అంటే వాళ్ళు పోగొట్టుకున్నది నువ్వు! ఇవాళ అమెరికావాడు ప్రెసిడెంటునూ మీరు అంటాడు, పెంపుడు కుక్కనూ మీరు అంటాడు.

మరి దగ్గరితనం, దూరం, పెద్దరికం, చనువు, ఇవన్నీ ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, పక్కనున్న మాటల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. బడ్డీ, డ్యూడ్, మ్యాన్, స్వీటీ, కిడ్డో, సర్, మ్యామ్. 'హెల్లో' అనడానికీ 'హే' అనడానికీ మధ్య, 'యెస్' కీ 'యెప్' కీ మధ్య, 'ఐ అపాలజైజ్' కీ 'మై బ్యాడ్' కీ మధ్య ఉన్న తేడా అదే. మనం మీరు నుంచి నువ్వుకు, నువ్వు నుంచి ఒరేయ్‌కు దిగుతాం చూడండి, ఆ మెట్లన్నీ ఇంగ్లీషులో ఇలాంటి మాటల్లో ఉన్నాయి. అందుకే వీటికి డిక్షనరీలో అర్థం చూస్తే సగమే తెలుస్తుంది. 'ఒరేయ్' అనే మాటకు నిఘంటువు అర్థం చెప్తే వేరే రాష్ట్రంవాడికి ఏం తెలుస్తుంది? అమ్మ అంటే ఒక ఒరేయ్, దోస్తు అంటే ఇంకో ఒరేయ్, బస్సులో కొత్తవాడు అంటే కొట్లాట.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. బెయిల్ అయిపోయాక నేను రెచ్చిపోయాను. కార్టూన్లు చూసి పదాలు నోట్‌బుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. పదం, ఈక్వల్ టు, అర్థం. 'కిడ్డో' అని ఒక పదం విన్నాను. ఒక సినిమాలో తండ్రి కొడుకు తల నిమిరి అంటాడు. నా నోట్‌బుక్కులో రాసుకున్నాను, కిడ్డో ఈక్వల్ టు ప్రేమగా పిలిచే మాట. బాగుంది. రెండు రోజుల తర్వాత ఒక పెద్దాయన ఫోన్. అరవై దాటి ఉంటాయి. చాలా ఓపికగా నేను చెప్పినవన్నీ చేశాడు, సమస్య తీరింది. నాకు ఆయన మీద గౌరవం పొంగిపోయింది. చివర్లో అన్నాను: "థాంక్యూ ఫర్ యువర్ పేషెన్స్, కిడ్డో."

(నవ్వులు)

అవతల రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత నవ్వాడు, గట్టిగా. "నన్ను ఎవరైనా అలా పిలిచి యాభై ఏళ్ళయింది" అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. అదే సమయంలో క్వాలిటీవాళ్ళు నా కాల్ వింటున్నారు. ఆ నెల నా స్కోరు గురించి అడక్కండి. తెలుగులో చెప్పాలంటే నేను ఏం చేశాను? పెళ్ళికి వచ్చిన మా పెదనాన్న వయసాయనకు నమస్కారం పెట్టి "ఓపిగ్గా ఉన్నావు చిట్టితండ్రీ" అన్నాను. మాట మంచిదే, నోరు తప్పు.

ఆ రాత్రి నోట్‌బుక్కు మార్చాను. ఈక్వల్ టు కొట్టేశాను. మూడు గళ్ళు గీశాను: ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ మూడ్‌లో అన్నారు. అర్థం రాయడం మానేశాను. ఈ మూడూ రాస్తే అర్థం దానంతటదే వస్తుంది. మీకు నేను ఇవాళ ఇచ్చి వెళ్ళేది ఏదైనా ఉంటే ఈ మూడు గళ్ళే.

'ఫైండింగ్ నీమో' చూశారా? 2003 సినిమా. తప్పిపోయిన కొడుకు కోసం ఒక తండ్రి చేప సముద్రమంతా వెతుకుతుంది. దారిలో ఒక తాబేలు కలుస్తుంది. దాని వయసు నూట యాభై. కానీ మాట్లాడేది ఎలా? ఎప్పుడూ సముద్రపు అలల మీద తిరిగే కాలిఫోర్నియా కుర్రాడిలా, మాటకు ముందు డ్యూడ్, వెనక డ్యూడ్. అక్కడి ప్రేక్షకుడు నవ్వేది అందుకే. మనం 'డ్యూడ్ అంటే స్నేహితుడు' అని రాసుకుంటే ఆ నవ్వు మనకు రాదు. నూట యాభై ఏళ్ళ తాత 'మామా, కిరాక్ ఉంది మామా' అంటున్నాడు అనుకోండి, అప్పుడు వస్తుంది. ఆ తాబేలుకు గొంతు ఇచ్చింది ఆ సినిమా దర్శకుడు ఆండ్రూ స్టాంటనే.

ఇంకో చిట్కా, ఇది విని మా ఇంగ్లీషు సార్లు నొచ్చుకుంటారేమో. ముందు తెలుగులో చూడండి. అవును, డబ్బింగ్ సినిమా. 2019లో వచ్చిన 'ద లయన్ కింగ్' తెలుగులో సింబాకు నాని చెప్పారు, స్కార్‌కు జగపతిబాబు, పుంబా టిమోన్‌లకు బ్రహ్మానందం, అలీ. సరదాగా చూసేశాం కదా. కానీ ఆ డైలాగులు రాసినవాళ్ళ కష్టం ఆలోచించండి. ఇంగ్లీషులో అంతా 'యూ'. తెలుగులో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. కొడుకు తండ్రిని ఏమనాలి? బాబాయి తన అన్న కొడుకుని ఏమనాలి? సేవకుడు రాజును ఏమనాలి? ప్రతి వాక్యానికీ వాళ్ళు నువ్వా, మీరా, ఏరానా అని తేల్చి రాశారు. మనం నేర్చుకోవాల్సిన పాఠం వాళ్ళు ముందే చేసి పెట్టారన్నమాట. అందుకే ఒక పది నిమిషాల సీను తెలుగులో చూసి, వెంటనే అదే సీను ఇంగ్లీషులో చూడండి. తెలుగులో 'ఒరేయ్' వచ్చిన చోట ఇంగ్లీషులో ఏముందో పట్టుకోండి. కొన్నిచోట్ల మాటే ఉండదు, గొంతులో ఉంటుంది.

ఇంగ్లీషులో చూసేటప్పుడు కింద అక్షరాలు ఇంగ్లీషులోనే పెట్టుకోండి. తెలుగు అక్షరాలు పెడితే కన్ను చదివేస్తుంది, చెవి పడుకుంటుంది. విన్న మాటే కింద అక్షరాల్లో కనిపించడం ఎంత మేలో మన దేశంలోనే చూపించారు. అహ్మదాబాద్ ఐఐఎంలో ఉండగా బ్రిజ్ కొఠారి గారు టీవీలో సినిమా పాటలకు అదే భాషలో అక్షరాలు వేయించే పని మొదలుపెట్టారు, చదవడం అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళ కోసం. పాట ఎలాగూ నోటికి వచ్చు కాబట్టి కన్ను అక్షరాల వెంట పరిగెడుతుంది. మనకూ అదే సూత్రం. తర్వాత అక్షరాలు తీసేసి ఇంకోసారి. ఆ తర్వాత బొమ్మతోపాటు మీరూ అనండి, తలుపు వేసుకొని. లేకపోతే ఇంట్లోవాళ్ళు భయపడతారు.

పది నిమిషాలు చాలు. సినిమా మొత్తం చూడటం నేర్చుకోవడం కాదు, సినిమా చూడటమే.

పదాలు ఎన్ని రావాలి అని అడుగుతారు. స్టువర్ట్ వెబ్, మైకేల్ రోజర్స్ అని ఇద్దరు పరిశోధకులు 318 సినిమాల మాటలు లెక్కపెట్టి 2009లో చెప్పారు: ఎక్కువగా వాడే 3000 పద కుటుంబాలు తెలిస్తే, పేర్లు, ఊతపదాలు కలుపుకొని సినిమా మాటల్లో 95 శాతం పైన తెలిసినట్టే. పద కుటుంబం అంటే గో, గోయింగ్, గాన్ అన్నీ కలిపి ఒకటి. వినడానికి తేలిగ్గా ఉంది కదా? చిక్కు ఎక్కడంటే, ఆ పదాల్లో చాలావాటి విడి అర్థం మనకు ఎనిమిదో తరగతిలోనే వచ్చు. గెట్, పుట్, టేక్, కమ్, హ్యాంగ్. హ్యాంగ్ అంటే ఉరి అని నేర్చుకున్నవాడు 'హ్యాంగ్ ఇన్ దేర్' అంటే బెదిరిపోడా? పాపం వాళ్ళు అన్నది 'కాస్త ఓపిక పట్టు' అని. 'నాక్ ఇట్ ఆఫ్' అంటే 'చాల్లే, ఆపింక'. 'పోస్ట్‌పోన్' అని మనం దర్జాగా అనే చోట వాళ్ళు 'పుట్ ఆఫ్' అంటారు. పెద్ద మాటలు మనకు వచ్చు. ఈ పిల్ల మాటలే రావు.

'కమాన్' తీసుకోండి. నేను ఒకసారి ఒకే సినిమాలో ఎన్ని రకాల కమాన్‌లు వస్తాయో రాసుకుంటూ పోయాను. పిల్లవాడిని స్కూలుకు తొందరపెడితే 'కమాన్', అంటే పద పద. అడిగింది ఇవ్వకపోతే సాగదీసి 'కమా...న్', అంటే అబ్బా, ఇవ్వొచ్చు కదా. అవతలివాడు కోతలు కోస్తే తల పక్కకు వాల్చి 'కమాన్', అంటే చాల్లే ఊరుకో. భయపడేవాడి భుజం తట్టి 'కమాన్', అంటే ఏం కాదు, నేనున్నా. బండి స్టార్ట్ కాకపోతే పళ్ళు బిగబట్టి 'కమాన్, కమాన్', అంటే తల్లీ, ఈ ఒక్కసారికి. దీన్ని డిక్షనరీ ఎలా చెప్తుంది? మన 'అబ్బా' ఉంది కదా, అచ్చం అలాంటిదే. నొప్పికి అబ్బా, విసుగుకు అబ్బా, వెటకారానికి అబ్బా, అందమైన చీర చూస్తే అబ్బా. రాగం మారితే అర్థం మారుతుంది. ఇలాంటివాటికి బొమ్మ మొహం చాలా ఉపకారం. కార్టూన్‌లో కనుబొమలు నుదురు దాటి పైకి లేస్తాయి, కళ్ళు సగం మొహం ఉంటాయి. మాట అర్థం కాకపోయినా మూడ్ అర్థమైపోతుంది.

అలాగే 'గెట్ అవుట్'. మనకు తెలిసింది క్లాసులోంచి గెట్ అవుట్. కానీ ఎవరైనా నమ్మలేని వార్త చెప్తే కళ్ళు పెద్దవి చేసి 'గెట్ అవుట్!' అంటారు. కోపమేం లేదు. మనం 'పోరా! నిజంగానా?' అంటాం చూడండి, అక్షరాలా అదే. ఎక్కడి అమెరికా, ఎక్కడి నల్గొండ జిల్లా, ఆశ్చర్యం వస్తే ఇద్దరూ ఎదుటివాణ్ణి పొమ్మంటారు! కానీ ప్రతిదీ ఇలా కలుస్తుందనుకోకండి. మన 'లైట్ తీస్కో'ని ఉన్నదున్నట్టు 'టేక్ ఇట్ లైట్' అంటే వాళ్ళకు ఎక్కదు. వాళ్ళు 'టేక్ ఇట్ ఈజీ' అంటారు.

గొన్నా, వాన్నా, గాటా, డన్నో, గిమ్మీ. అంటే గోయింగ్ టు, వాంట్ టు, గాట్ టు, డోంట్ నో, గివ్ మీ, వీటినే నోట్లో కుదించిన మాటలు. ఇవి తప్పు ఇంగ్లీషు అని కొందరు పిల్లల్ని కొడతారు. తప్పేం కాదు. 'ఏమిటిరా' అని పూర్తిగా ఎవరంటారు? 'ఏంట్రా' అంటాం. రాసేటప్పుడు మాత్రం రాయకండి. ఉద్యోగం దరఖాస్తులో 'ఐ వాన్నా జాయిన్' అని రాసినవాణ్ణి నేను ఇంటర్వ్యూ చేశాను. పిల్లవాడు తెలివైనవాడే.

కొన్ని జాగ్రత్తలు. మినియన్ల సినిమాలు చూసి ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను అని మా మేనల్లుడు అంటాడు. ఆ పసుపు పిల్లలు మాట్లాడేది ఇంగ్లీషు కాదు నాయనా, నాలుగైదు భాషలు కలిపి చేసిన కలగూరగంప. (నవ్వులు) 'ష్రెక్' సినిమాలో హీరో ష్రెక్ మాట్లాడేది స్కాట్లాండ్ యాస. డ్రాగన్లను మచ్చిక చేసుకునే సినిమాలో పెద్దవాళ్ళు స్కాటిష్, పిల్లలు అమెరికన్, ఒకే ఇంట్లో! అది కథ కోసం వేసిన వేషం. మరీ కొత్తవాళ్ళైతే 'జుటోపియా' నుంచి మొదలుపెట్టండి. అందులో లైసెన్స్ ఆఫీసులో ఉద్యోగులు స్లాత్‌లు, అంటే చెట్లకు వేలాడే మహా నిదానమైన జంతువులు. ఒక్కో మాటకు మధ్య మీరు చాయ్ తాగి రావచ్చు. మన ఊళ్ళో ఏదైనా ఆఫీసు గుర్తొస్తే నాకు సంబంధం లేదు.

ఇంకోటి, ఈ మాటలకు వయసు ఉంటుంది. 1995 సినిమాలో కుర్రాళ్ళ మాట ఇవాళ అంకుల్ మాట కావచ్చు. మన 'కేక' ఏమైంది? ఇప్పుడు ఎవరైనా 'కేక' అంటే వాళ్ళ పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. కొన్ని మాత్రం బతికిపోతాయి. ఓకే అనే మాట 1839లో బోస్టన్ పత్రికలో ఒక జోకుగా అచ్చయింది, 'ఆల్ కరెక్ట్' అనేదాన్ని కావాలని తప్పు స్పెల్లింగుతో కుదించి. ఇవాళ మా అమ్మ కూడా అంటుంది. ఇచ్చిపుచ్చుకోవడం వాళ్ళవైపు నుంచే అనుకోకండి. బ్యాండికూట్ అని ఇంగ్లీషులో ఒక జంతువు ఉంది, ఆ పేరుతో వీడియో గేమ్ హీరో కూడా ఉన్నాడు. ఆ మాట ఎక్కడిది? మన పందికొక్కు! (చప్పట్లు) అవును, పొలం గట్టున తవ్వుకునే ఆ పందికొక్కే సముద్రాలు దాటింది.

సరే, ప్రశ్నలుంటే అడగండి. టైం పెద్దగా లేదు.

(ఒక తల్లి: మా బాబు రోజుకు మూడు గంటలు ఇంగ్లీషు కార్టూన్లు చూస్తాడు సార్. ఒక్క ముక్క మాట్లాడడు.)

అమ్మా, మూడు గంటలు చూస్తున్నాడు, వాడితో ఎవరూ మాట్లాడటం లేదు. బొమ్మ అడిగితే వాడు జవాబు చెప్పక్కర్లేదు, అది ఆగదు, తన మాట తను చెప్పుకొని పోతుంది. మూడు గంటలు తగ్గించి పదిహేను నిమిషాలు చేయండి, మీరు పక్కన కూర్చోండి. ఆపి అడగండి, "ఇప్పుడు వాడు ఏమన్నాడు రా? ఎందుకు అలిగాడు?" తెలుగులోనే అడగండి. మీకు ఇంగ్లీషు రాకపోతే ఇంకా మంచిది, వాడు మీకు టీచరవుతాడు. పిల్లలకు అంతకంటే కావలసిందేముంది?

(వెనక వరుసలోంచి ఒక పెద్దాయన: నాకు డెబ్బై ఏళ్ళు బాబూ. మా మనవడు డల్లాస్‌లో ఉంటాడు, ఆరేళ్ళు. ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. "వాట్సప్, తాతా!" అంటాడు. నేను ఐ యామ్ ఫైన్ అంటాను. వాడు ఇంక ఏం మాట్లాడడు, ఫోన్ వాళ్ళ అమ్మకిచ్చి పోతాడు. ఏమనాలి నేను?)

మైకు ఆయనకివ్వండి. ఇవ్వండి, ఇవ్వండి. కూర్చునే మాట్లాడండి సార్. మీకు ఒక అదృష్టం ఉంది. నేను ఉపయోగించి నా ఉద్యోగం మీదికి తెచ్చుకున్న మాట ఒకటి ఉంది కదా, అది మీ నోట్లో అచ్చంగా సరిపోతుంది. పెద్దవాడు, చిన్నవాడితో, ముద్దుగా. మూడు గళ్ళూ నిండాయి. "నథింగ్ మచ్, కిడ్డో" అనండి. తర్వాత వెంటనే "వాట్సప్ విత్ యూ?" అని అడగండి. అది మర్చిపోవద్దు, లేకపోతే వాడు మళ్ళీ ఫోన్ ఇచ్చేస్తాడు. ఏదీ, ఒక్కసారి అనండి.

(పెద్దాయన: నథింగ్ మచ్... కిడ్డో.)

కొంచెం నవ్వుతూ సార్. వాడు ఎదురుగా ఉన్నాడనుకోండి.

(పెద్దాయన: నథింగ్ మచ్, కిడ్డో! వాట్సప్ విత్ యూ? చప్పట్లు.)

ఇవాళ ఆదివారమే కదా సార్? వాళ్ళకు ఇప్పుడే తెల్లవారుతుంటుంది. హాలు తాళం వేయాలంటున్నారు, మనం కిందికి వెళ్దాం. అక్కడ సిగ్నల్ కూడా బాగుంటుంది.